సెలవుల ముందు ఒకసారి పేర్లు పిలుద్దాం

డిసెంబరు వచ్చిందంటే మన పిల్లలకు ఊపిరి సలపదు. బడిలో అర్ధ సంవత్సర పరీక్షలు, ప్రాజెక్టు ఫైళ్లు, ఆటల పోటీలు, క్రిస్మస్ కార్యక్రమం. సంఘంలో సండే స్కూల్ నాటిక, సెమీ క్రిస్మస్, ఇంటింటికీ కేరల్స్. ఇరవై నాలుగో తేదీ రాత్రికి పెద్దలకు కూడా ఓపిక మిగలదు. ఈ హడావుడిలో మన కళ్ల ముందే ఉండి మనకు కనబడని పిల్లలు కొందరున్నారు. వాళ్లు ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు. సెలవులు ఇచ్చేలోగా ఉన్న ఈ రెండు మూడు వారాల్లో ప్రతి సంఘమూ ఆ వయసు పిల్లల పేర్లు ఒక్కొక్కటిగా పిలిచి, ఎవరి పరిస్థితి ఏమిటో తెలుసుకోవాలి. నక్షత్రం కట్టే పనికంటే ఇది ముందు జరగాలని నా అభిప్రాయం.

ఈ తరగతులను తమిళనాడులో మిడిల్ స్కూల్ అంటారు. కర్ణాటకలో హయ్యర్ ప్రైమరీ అంటారు. ఒడిశాలో పాత తరంవాళ్లు ఇప్పటికీ ఎం.ఈ. స్కూల్ అనే అంటారు. పేరు ఏదైనా కష్టం ఒకటే. ఐదో తరగతి దాకా ఇంటి పక్క బడి. ఆ తర్వాత చాలామందికి బడి మారుతుంది. ఏడో తరగతికో ఎనిమిదో తరగతికో మళ్లీ మారుతుంది. మారిన ప్రతిసారీ కొందరు జారిపోతారు. సంఘంలోనూ ఇదే తీరు. చిన్నపిల్లలను అందరూ ముద్దు చేస్తారు. పదో తరగతి పిల్లల కోసం పరీక్షల ముందు ప్రత్యేక ప్రార్థన పెడతారు. మధ్యలో ఉన్నవాళ్లు సండే స్కూల్‌కు పెద్దవాళ్లు, యూత్‌కు చిన్నవాళ్లు.

క్రిస్మస్‌కు మనమంతా లూకా సువార్త రెండో అధ్యాయం చదువుతాం. గొర్రెల కాపరులు తిరిగి వెళ్లేదాకా చదివి పుస్తకం మూసేస్తాం. అదే అధ్యాయం చివర యేసుకు పన్నెండేళ్లు. మన లెక్కలో ఏడో తరగతి. పస్కా పండుగకు యెరూషలేము వెళ్లిన కుటుంబం తిరుగు ప్రయాణం కట్టింది. పిల్లవాడు బంధువుల గుంపులో ఎక్కడో ఉంటాడులే అనుకుని తల్లిదండ్రులు ఒక రోజంతా నడిచారు. తర్వాత వెతుక్కుంటూ వెనక్కి వెళితే, మూడు రోజులకు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని, వాళ్లు చెప్పేది వింటూ, ప్రశ్నలు అడుగుతూ కనిపించాడు. ఆ తల్లిదండ్రులకు ప్రేమ లేక కాదు. పండుగ గుంపులో అందరూ ఉన్నారన్న ధీమా అది. మన సంఘాల్లో ఉన్నది కూడా ఆ ధీమాయే.

నాటికలో ఎవరు, ఇంటి దగ్గర ఎవరు

బడి కార్యక్రమాలే తీసుకోండి. డ్యాన్సుకు పేరిస్తే డ్రెస్సు అద్దె కట్టాలి. సీక్రెట్ శాంటా అని తరగతిలో చీటీలు తీస్తారు, వంద రూపాయలకు తగ్గకుండా కానుక తెమ్మంటారు. కూలికి వెళ్లే ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే అది ఒక రోజు సంపాదనకు దగ్గర. అందుకే ఆ రోజు కొందరు పిల్లలకు జ్వరం వస్తుంది, కడుపునొప్పి వస్తుంది. పదకొండు, పన్నెండేళ్లు వచ్చేసరికి పిల్లలకు తమ ఇంటి పరిస్థితి బాగా తెలుస్తుంది. అమ్మను అడిగి బాధపెట్టడంకంటే ఇంట్లో పడుకోవడమే మేలనుకుంటారు.

మన సండే స్కూల్ నాటికలూ ఇందుకు మినహాయింపు కాదు. తెల్లగా ఉన్న అమ్మాయి మరియమ్మ, బాగా మాట్లాడే అబ్బాయి గబ్రియేలు. పొట్టిగా, నల్లగా ఉన్నవాళ్లు గొర్రెల కాపరులో, మాటలేని గొర్రెలో అవుతారు. ఈ ఎంపికలో కులం పేరు ఎవరూ ఎత్తరు, కానీ పిల్లలకు అర్థమవుతుంది. ఈ ఏడాది చీటీలు వేసి పాత్రలు పంచండి. డ్రెస్సులు సంఘం పెట్టెలోంచి ఇవ్వండి. కానుకలు ఇచ్చి పుచ్చుకోవాలంటే చేత్తో చేసినవే తేవాలని నియమం పెట్టండి. వీటికి పెద్ద ఖర్చు లేదు, కమిటీ తీర్మానం చాలు.

తమిళ అక్షరాల్లో తెలుగు మాటలు

ఆంధ్ర, తెలంగాణల బయట ఉన్న మన సంఘాల్లో నాటిక సాధన చూస్తే ఒక విషయం తెలుస్తుంది. పిల్లవాడు చెప్పేది తెలుగు మాట. చేతిలో కాగితం మీద ఉన్నది తమిళమో, కన్నడమో, ఒరియానో, మరాఠీయో. తమిళంలో క, గ రెంటికీ ఒకే అక్షరం కాబట్టి ఏది ఎక్కడ పలకాలో టీచరు పక్కన నిలబడి చెప్పాలి. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, సంఘంలో తెలుగు పాట పాడతాడు, కానీ తెలుగు బైబిలు చదవలేడు.

ఇది పిల్లల బద్ధకం కాదు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతుంది. 1956లో చేర్చిన ఆ అధికరణం ప్రాథమిక దశ దగ్గరే ఆగుతుంది. ఉన్న కొద్ది తెలుగు కూడా చాలాచోట్ల ఐదో తరగతితోనే ముగిసిపోతుంది. తమిళనాడులో 2006 నాటి చట్టం పదో తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి చేశాక భాషా మైనారిటీ బడులు కోర్టులకు వెళ్లాల్సి వచ్చింది. యానాం పిల్లలకు తెలుగు అక్షరం కొత్తేమీ కాదు గానీ, అక్కడి ప్రభుత్వ బడులు ఆంధ్రప్రదేశ్ సిలబస్ నుంచి సీబీఎస్ఈకి మారడంతో వాళ్లకు మరో రకం ఒత్తిడి వచ్చింది. మనం ఉంటున్న రాష్ట్ర భాషను మన పిల్లలు చక్కగా నేర్చుకోవాలి, అందులో వాదం లేదు. దానితోపాటు తెలుగు అక్షరాలు నేర్పే పని ఎవరో ఒకరు చేయాలి. బడి చేయకపోతే సంఘం చేయాలి. పది రోజుల సెలవుల్లో రోజుకు ఒక గంట కూర్చోబెడితే, మాట ముందే వచ్చిన పన్నెండేళ్ల పిల్లకు అక్షరాలు పట్టుబడతాయి.

ఆగిపోయిన డబ్బు, అడగని డబ్బు

మైనారిటీ విద్యార్థుల ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఒకప్పుడు ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉండేది. క్రైస్తవ పిల్లలూ దానికి అర్హులే. 2022-23 నుంచి కేంద్ర ప్రభుత్వం దాన్ని తొమ్మిది, పది తరగతులకే పరిమితం చేసింది. విద్యాహక్కు చట్టం కింద ఎనిమిదో తరగతి దాకా చదువు ఉచితమే కదా అని కారణం చెప్పింది. ప్రభుత్వ బడిలో ఫీజు ఉచితమే. నోటుపుస్తకాలు, బస్సు చార్జీ, ప్రాజెక్టుకు చార్టులు, ప్రింట్లు ఉచితం కాదు. దళిత క్రైస్తవ పిల్లలకు ఇది రెండో దెబ్బ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని ఎస్సీ హోదాను 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు, ముస్లింలకు వర్తింపజేయలేదు. ఈ విషయం పరిశీలించడానికి 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేశారు. ఆ పోరాటం సాగాలి. మధ్య తరగతుల స్కాలర్‌షిప్‌ను తిరిగి ఇవ్వాలని మన సంఘాలన్నీ కలిసి అడగాలి.

ఈలోగా ఉన్న దారులు వాడుకోవాలి. బెంగళూరు, చెన్నై, ముంబై వంటి నగరాల్లో మనవాళ్లు ఎంతోమంది పారిశుధ్య పనుల్లో ఉన్నారు. ప్రమాదకరమైన పారిశుధ్య పని, చెత్త ఏరడం, తోళ్ల పని చేసేవారి పిల్లలకు ఒకటి నుంచి పదో తరగతి దాకా ఒక స్కాలర్‌షిప్ ఉంది. ఇంటి నుంచి బడికి వెళ్లేవారికి ఏడాదికి 3,500 రూపాయలు, హాస్టల్లో ఉండేవారికి 8,000. మతంతో సంబంధం లేదు. పథకం పేరులో ఎస్సీ అన్న మాట చూసి ఇది మనకు కాదని చాలామంది వదిలేస్తారు. ఆ పేరు చివర 'ఇతరులు' అని కూడా ఉంది. తల్లిదండ్రుల పనికి సంబంధించిన ధ్రువపత్రం కావాలి, దానికోసం తిరగాలి. ఒంటరిగా తిరగలేని తల్లికి సంఘం తోడు వెళ్లాలి.

రెండోది ఎన్ఎంఎంఎస్. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలు ఈ పరీక్ష రాయవచ్చు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. నాలుగేళ్లకు 48,000. ఆడపిల్ల చదువు మాన్పించాలా వద్దా అని తర్జనభర్జన పడే ఇంట్లో ఆ డబ్బు నిర్ణయాన్ని మార్చగలదు. పరీక్షలో ఒక పేపరు తర్కం, మరొకటి పాఠాలు. తేదీలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి కాబట్టి సెలవులకు ముందే హెడ్మాస్టరు దగ్గర అడిగి తెలుసుకోవాలి.

చాలా దరఖాస్తులు చిన్న కారణానికి ఆగిపోతాయి. మన పిల్లలకు బాప్తిస్మపు పేరు ఒకటి, బడిలో పేరు ఒకటి. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటే, తమిళనాడు బడి రికార్డులో తండ్రి పేరు మొదటి అక్షరం మాత్రమే ఉంటుంది. బ్యాంకు ఖాతాలో మరో స్పెల్లింగు. ఈ పేర్లు సరిచేయించడానికి నెలలు పడుతుంది. తొమ్మిదో తరగతిలో చూసుకుందాం అనుకుంటే ఆలస్యమే.

సెలవులంటే అన్నం ఆగే రోజులు

ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా మధ్యాహ్న భోజనం ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పూటకు 150 గ్రాముల బియ్యమో గోధుమో, 700 కేలరీలు అందాలని నియమం. బడి మూస్తే ఆ భోజనం ఆగిపోతుంది. మనం క్రిస్మస్ రోజున బిర్యానీ వండి పెడతాం, సంతోషమే. మిగిలిన రోజుల మధ్యాహ్నం సంగతి ఎవరైనా అడిగారా?

అన్నంతోపాటు పని కూడా ఉంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించింది. ప్రమాదకరం కాని కుటుంబ పనుల్లో మాత్రం బడి అయ్యాక, సెలవుల్లో సాయం చేయవచ్చని సందు వదిలింది. ఆ సందులోంచే చాలామంది వెళ్లిపోతారు. క్యాటరింగ్ పనికి, బట్టల కొట్టుకు సెలవుల్లో వెళ్లిన పిల్లవాడి చేతికి మొదటిసారి డబ్బు వస్తుంది. జనవరిలో బడి తెరిచాక వాడికి తరగతి గది రుచించదు. కోలారు గనులు 2001లో మూతపడ్డాక అక్కడి కుటుంబాల్లో ఎందరో పెద్దలు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు వెళ్లి రాత్రికి తిరిగి వస్తున్నారు. అలాంటి ఇళ్లలో సెలవు రోజు పిల్లలను చూసేవాళ్లు ఉండరు. సంఘం తలుపు ఆ పది రోజులూ ఉదయం నుంచి తెరిచి ఉంటే, ఒక పూట అన్నం, ఒక గంట అక్షరాలు, ఒక గంట ఆట దొరుకుతాయి.

ఇదంతా బడి పని, ప్రభుత్వం పని, సంఘానికి సువార్త చాలు అనేవాళ్లు ఉన్నారు. ప్రభుత్వం బాధ్యత తప్పించుకోకూడదన్న మాట నిజమే, పైన అడగమన్నదీ అందుకే. కానీ మన చరిత్ర మరిచిపోవద్దు. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ ప్రసంగంతో సరిపెట్టలేదు, బడులు కూడా పెట్టాడు. పలక పట్టుకోనివ్వని కులాల పిల్లలు మిషన్ బడుల్లోనే పలక పట్టారు. మన తాతముత్తాతలు గనులకు, రైల్వేలకు, మిల్లులకు వలస వెళ్లినప్పుడు ఉత్తరం చదివి పెట్టినవాడు ఆ బడిలో చదివినవాడే. బడి గురించి ఆలోచించడం సువార్తకు బయటి పని అని మన పెద్దలు అనుకోలేదు.

యవనస్థులారా, ఈ పని ఎక్కువ భాగం మీదే. కేరల్స్‌కు మీరు ఎలాగూ ప్రతి ఇంటి తలుపూ తడతారు. ఈసారి గిటారుతోపాటు ఒక నోటుపుస్తకం పట్టుకెళ్లండి. ఆ ఇంట్లో ఆరు నుంచి ఎనిమిది చదివే పిల్లలు ఎవరు, ఏ బడి, ఆధార్‌లో పేరు సరిగ్గా ఉందా, ఏ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేశారు, సెలవుల్లో ఎక్కడ ఉంటారు అని అడిగి రాయండి. నాటికలో లేని పిల్లల పేర్లకు పక్కన గుర్తు పెట్టండి. జనవరిలో బడి తెరిచిన మొదటి సోమవారం అదే పుస్తకం తీసుకుని మళ్లీ వెళ్లండి. ఎవరైనా బడికి పోలేదని తెలిస్తే, ఆ సాయంత్రమే పాస్టరు గారిని, ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లండి. రెండు వారాలు గడిస్తే ఆ పిల్లను తిరిగి పంపడం చాలా కష్టమవుతుంది.