కూతకు ముందే నియమం: పాకాల ప్రాంత కబడ్డీ నిర్వాహకులకు, జట్లకు విన్నపం

పురుషుల కబడ్డీ బరి పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. ఆ వెడల్పులోనే రెండు పక్కలా మీటరు చొప్పున లాబీ ఉంటుంది. జట్టుకు ఏడుగురు, ఒక్కో కూతకు 30 సెకన్లు. ఇంత ఇరుకు చోట, ఇంత తక్కువ సేపట్లో తేలే ఆటలో తీర్పు మీద తేడాలు రాక మానవు. అవి ముదిరి ఊరికీ ఊరికీ మధ్య కొట్లాట అయితే మాత్రం తప్పు ఏర్పాట్లది.

గొడవలు ఎక్కువగా పుట్టేది మూడు చోట్ల. మొదటిది మధ్య గీత. మట్టి నేల మీద సున్నంతో గీసిన గీత ఒకటి రెండు ఆటలకే కాళ్ళ కింద చెరిగిపోతుంది. నలుగురు మీద పడి పట్టుకున్నా కూతగాడు చెయ్యి చాపుతాడు, దుమ్ము లేస్తుంది, వేలు గీతను అందుకుందో లేదో చెప్పడానికి అక్కడ గీతే కనిపించదు. రెండోది బోనస్ గీత. ఎదుటి జట్టులో కనీసం ఆరుగురు ఉన్నప్పుడే బోనస్ చెల్లుతుంది. ఒక కాలు గీత దాటి నేల తాకే క్షణాన రెండో కాలు గాలిలో ఉండాలి. ఈల పట్టుకున్న మనిషి ఒక్కడే అయితే మంది లెక్కనూ రెండు కాళ్ళనూ ఒకేసారి చూడలేడు.

మూడోది లాబీ. కూతగాడు ఎవరినైనా తాకాకే, లేదా పట్టు పడ్డాకే లాబీ ఆటలోకి వస్తుంది. తాకకుండా లాబీలో కాలు పెడితే కూతగాడు ఔట్. అతని వెంటపడి లాబీలోకి దిగిన వాళ్ళూ ఔటేనా అన్నది అసలు చిక్కు.

ఈ చిక్కు 2023 అక్టోబరు 7న హాంగ్జౌ ఆసియా క్రీడల పురుషుల కబడ్డీ ఫైనల్‌నే ఆపేసింది. భారత్, ఇరాన్ 28-28తో సమంగా ఉన్నాయి. ఆట ముగియడానికి నిమిషం పైచిలుకు మాత్రమే ఉంది. కూతకు వెళ్ళిన భారత ఆటగాడు పవన్ సెహ్రావత్ ఎవరినీ తాకకుండా లాబీలోకి పోయాడు. ఇరాన్ ఆటగాళ్ళు వెంట దిగారు. పాత నియమం ప్రకారం దిగిన వాళ్ళందరూ ఔట్; ప్రో కబడ్డీలో వాడుకలోకి వచ్చిన కొత్త నియమం ప్రకారం కూతగాడొక్కడే ఔట్. తీర్పు అటూ ఇటూ మారింది, ఆటగాళ్ళు బరిలోనే బైఠాయించారు, ఆట గంట సేపు నిలిచిపోయింది. చివరికి భారత్ 33-29తో గెలిచింది. కెమెరాలు, అంతర్జాతీయ రిఫరీలు ఉన్నచోటే ఏ నియమమో తేలనప్పుడు, పండగ పోటీల్లో ముందే తేల్చుకోవడం ఇంకా అవసరం. పైగా కాట్పాడి, తిరుపతి, ధర్మవరం వైపు రైలు దారులు కలిసే పాకాలకు ఏ దిక్కు నుంచైనా జట్లు రావచ్చు. ఒక్కో జట్టుకు అలవాటైన నియమం ఒక్కోటి.

అందుకే ప్రతి పోటీలోనూ ఈ ఐదు ఏర్పాట్లు ఉండాలి.

1. నియమాలు ఒక్క కాగితంలో, తెలుగులో రాయాలి. లాబీ, బోనస్ సంగతి విడిగా పేర్కొనాలి. ఆట మొదలయ్యే ముందు ఇద్దరు కెప్టెన్లూ సంతకం చెయ్యాలి.

2. ఒక రిఫరీ, చెరో పక్కన ఒక అంపైరు తప్పనిసరి. ఆడే ఊళ్ళకు చెందని వ్యాయామ ఉపాధ్యాయులను పిలవాలి.

3. ప్రతి ఆటకు ముందు, మళ్ళీ ఐదు నిమిషాల విరామంలో గీతలు సున్నంతో దిద్దాలి. మహిళల బరి 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. దాన్ని పురుషుల గీతల మీదే గీయకుండా పక్కన వెయ్యాలి.

4. ఆటకు జట్టుకొక అప్పీలు, అదీ కెప్టెన్ ద్వారానే. రిఫరీ, అంపైర్లు నిమిషంలో తేల్చి, కారణాన్ని మైకులో చెప్పాలి. ప్రేక్షకుల ఫోన్ వీడియోలు లెక్కలోకి తీసుకోకూడదు; ఒకే వైపు నుంచి తీసిన దృశ్యం తాకిడిని సరిగా చూపదు.

5. అప్పీలు తేలాక అదే తుది తీర్పు. దాన్ని స్కోరు కాగితంలో రాయాలి. ఆ తర్వాత బరిలోకి దిగి ఆటను ఆపిన జట్టు ఓడినట్టే.

వీటికయ్యే ఖర్చు కొన్ని కాగితాలు, ఒక సున్నం బస్తా, మూడు ఈలలు. నెలల తరబడి సాధన చేసిన కుర్రాళ్ళకూ ఆడపిల్లలకూ న్యాయంగా గెలిచే, న్యాయంగా ఓడే హక్కు ఉంది. వచ్చే సంక్రాంతి పోటీలకు ముందే నిర్వాహకులు, యువజన సంఘాలు, వ్యాయామ ఉపాధ్యాయులు ఒకచోట కూర్చుని ఈ ఐదింటినీ ఒప్పుకోవాలి. పోటీల ప్రకటనలోనే వాటిని అచ్చు వెయ్యాలి.