ప్రభువు బల్ల ఒకటే, చట్టాలు మూడు

డిగ్నాబాద్‌లోని మా ఇంట్లో పోయిన ఏడాది నా కూతురు ఒక దరఖాస్తు ఫారం ముందేసుకుని కూర్చుంది. కులం అని ఉన్న గడి దగ్గర పెన్ను ఆపి, "నాన్నా, ఇక్కడ ఏం రాయాలి?" అంది. నేను వెంటనే చెప్పలేకపోయాను.

మా తాతది కృష్ణా జిల్లాలో ఒక మాలపల్లె. సీఎంఎస్ మిషన్‌లో బాప్తిస్మం పొందిన కుటుంబం. మా నాన్న విశాఖలో ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్‌కి కూలిపనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. సర్టిఫికెట్ కోసం ఇక్కడ ఒక కార్యాలయానికి వెళ్తే, "ఈ ద్వీపాల్లో ఎస్సీ లిస్టే లేదు, మీ సొంత రాష్ట్రానికి వెళ్ళండి" అన్నారు. సొంత ఊరి వైపు వెళ్తే, "మీరు క్రిస్టియన్లు కదా, ఎస్సీ ఎలా ఇస్తాం?" అన్నారు. తిరిగొచ్చి ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరు గారితో చెప్పుకున్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "క్రీస్తులో కులమేంటి బ్రదర్? మనకి పరలోక పౌరసత్వం ఉంది" అన్నారు.

మొదటి రెండు మాటలు నన్ను అంత బాధపెట్టలేదు, ప్రభుత్వం అలాగే మాట్లాడుతుంది. మూడోది మాత్రం మరిచిపోలేకపోతున్నాను. ఈ వ్యాసం ఆ మాట మీదే.

బల్ల దగ్గర మోకరించిన ముగ్గురు

ప్రభురాత్రి భోజనం ఇచ్చే ఆదివారం మా చర్చిలో కమ్మీ దగ్గర ఒకే వరుసలో ముగ్గురం మోకరించామనుకోండి. ఒకే రొట్టె, ఒకే గిన్నె.

మొదటివాడు కార్ నికోబార్ నుంచి వచ్చిన నికోబారీ సోదరుడు. 1959 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ తెగ. ఆయన క్రైస్తవుడైనా ఆ హక్కు చెక్కుచెదరదు. ఎస్టీకి మతం అడ్డు కాదు. అది న్యాయం, అలాగే ఉండాలి.

రెండోవాడు కృష్ణా జిల్లా నుంచి చూడ్డానికొచ్చిన మా చిన్నాన్న కొడుకు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు బీసీ-సీ. ఆ గ్రూపుకి ఉన్న రిజర్వేషన్ 1 శాతం. తన పక్కింట్లో అదే కులానికి చెందిన, గుడికి వెళ్ళే మనిషి 15 శాతం కోటాలో ఉంటాడు. ఊళ్ళో ఇద్దర్నీ పిలిచే పిలుపు ఒకటే. ఇద్దరి ఇళ్ళూ ఒకే పల్లెలో ఉన్నాయి.

మూడోవాణ్ణి నేను. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 13 శాతం పైన. క్రైస్తవులు 21 శాతం పైన. షెడ్యూల్డ్ కులాలు సున్నా. ఓడ దిగేటప్పుడు మాలా మాదిగలందరూ కులాన్ని సముద్రంలో పారేసి వచ్చినట్టు సున్నా! ఈ ద్వీపాలకు ఎస్సీ జాబితానే ప్రకటించలేదు. ఒక రాష్ట్రంలో ఉన్న హోదా ఇంకో రాష్ట్రానికి మనిషితోపాటు రాదని సుప్రీంకోర్టు 1990లోనే తేల్చింది. విచిత్రం ఏమంటే ఆ కేసు కూడా మనవాళ్ళదే, తెనాలిలో పుట్టి తండ్రి ఉద్యోగంతో బొంబాయి చేరిన ఒక విద్యార్థిది. హిందువైన వలస దళితుడు కనీసం తండ్రి సర్టిఫికెట్ పట్టుకుని సొంత రాష్ట్రపు తలుపు తట్టగలడు. నాకు ఆ తలుపు కూడా మూసి ఉంది. 1950 ఆగస్టు 10న వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా దాన్ని మూసింది. హిందూ మతస్థులకే ఎస్సీ హోదా అన్నారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులూ ముస్లింలూ ఇప్పటికీ బయటే.

ఒకే బల్ల దగ్గర మోకరించి లేచిన ముగ్గురం గుమ్మం దాటగానే మూడు చట్టాల కిందికి వెళ్ళిపోతాం. ఈ సంగతి మా చర్చిలో ఒక్క ప్రసంగంలోనూ నేను వినలేదు.

ఎవాంజెలికల్ అంటే మౌనమా?

మాది ఎవాంజెలికల్ సంప్రదాయం అని మా పెద్దలు గర్వంగా చెబుతారు. బైబిలు ముఖ్యం, సిలువ ముఖ్యం, మనసు మారడం ముఖ్యం, సాక్ష్యం ముఖ్యం. నేనూ ఆ నాలుగింటినీ నమ్మేవాణ్ణే. కానీ ఆ సంప్రదాయం చరిత్ర ఏమిటో మనకి సగమే చెబుతున్నారు.

1799లో లండన్‌లో సీఎంఎస్‌ను స్థాపించిన ఆంగ్లికన్ ఎవాంజెలికల్ బృందమే బానిస వ్యాపారం మీద పోరాడింది. విల్బర్‌ఫోర్స్ ఆ బృందపు మనిషి. క్రీస్తులో బానిస అనీ యజమాని అనీ లేదు కాబట్టి పార్లమెంటుకి వెళ్ళనక్కర్లేదు అని ఆయన అనలేదు. ఏళ్ళ తరబడి పార్లమెంటులో కొట్లాడితే 1807లో బానిస వ్యాపారాన్ని నిషేధించే చట్టం వచ్చింది. సువార్తను నమ్మినందుకే ఆయన చట్టం మార్చమన్నాడు.

మన దేశంలో కూడా కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్, ఆయనా ఎవాంజెలికలే, 1833లో దక్షిణాది సంఘాలకు ఉత్తరం రాసి సంఘంలో కులాన్ని వెంటనే, పూర్తిగా వదిలెయ్యాలని ఆదేశించాడు. తర్వాత పదేళ్ళకు, 1843లో, మచిలీపట్నంలో సీఎంఎస్ మిషనరీ రాబర్ట్ నోబుల్ బడి పెట్టాడు. ఆయన త్యాగం, చదువు, ప్రార్థన గురించి మనవాళ్ళు ఎంతో చెబుతారు. ఆ బడిలో అంటరాని కులాల పిల్లలకు ప్రవేశం లేదన్న సంగతి మాత్రం చెప్పరు. వాళ్ళొస్తే బ్రాహ్మణుల పిల్లలు వెళ్ళిపోతారని భయం. పై కులాలవాళ్ళు మారితే కింది కులాలు వాటంతటవే వస్తాయని లెక్క. ఆ లెక్క తప్పింది. ఆ బడి నుంచి క్రైస్తవులైన పై కులాలవాళ్ళు కొద్దిమందే. 1859లో రాఘవాపురం నుంచి పగోలు వెంకయ్య అనే మాల తనే దేవుణ్ణి వెతుక్కుంటూ వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు. కృష్ణా ప్రాంతంలో ఆంగ్లికన్ సంఘం జనంలోకి వెళ్ళింది ఆ దారినే. అంటే బడి ఎవరికి తలుపు మూసిందో వాళ్ళే సంఘాన్ని కట్టారు.

1912 డిసెంబర్ 29న వేదనాయగం శామ్యూల్ అజరయ్య దోర్నకల్ బిషప్పు అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు. మిషనరీల పెత్తనాన్ని 1910లో ఎడిన్‌బరో సభలో వాళ్ళ ముఖం మీదే ప్రశ్నించినవాడు. మాల, మాదిగ పల్లెల నుంచే గురువులనూ ఉపదేశకులనూ తయారుచేశాడు. ఆయన పట్ల నాకు గౌరవం ఉంది. అయినా 1932లో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నవాళ్ళలో ఆయనా ఒకడు. తర్వాత రాజ్యాంగ సభలో క్రైస్తవ నాయకులు ప్రత్యేక సీట్ల హక్కు వదులుకున్నారు. దేశమంతా మెచ్చుకుంది. మరుసటి ఏడాదే 1950 ఉత్తర్వు వచ్చింది. వదులుకున్నది ఎవరు, పోగొట్టుకున్నది ఎవరు? త్యాగం పెద్దల పేరున రాసుకున్నారు. మూల్యం మాత్రం పల్లెల్లోని మాలా మాదిగలు కట్టారు, ఇంకా కడుతూనే ఉన్నారు.

ఈ ప్రమాదాన్ని బాబాసాహెబ్ ముందే చూశాడు. 1938 జనవరిలో షోలాపూర్‌లో క్రైస్తవుల సభలోనే ఆయన నిలదీశాడు. దక్షిణాది చర్చిల్లో కులం నడుస్తోంది, చదువుకున్న క్రైస్తవులు కూడా ఒక సమాజంగా సామాజిక అన్యాయం మీద పోరాడలేదు అన్నది ఆయన మాటల సారం. క్రీస్తు మీద, బుద్ధుడి మీద తనకున్న గౌరవాన్ని దాచుకోకుండానే ఈ మాట చెప్పాడు. దాదాపు తొంభై ఏళ్ళు అవుతోంది. మా చర్చి ఇంకా జవాబు చెప్పలేదు.

మౌనానికి రాజకీయాలు మనకెందుకు అనే సాకు ఒకటి ఉంది. అండమాన్‌లో ఉండి ఆ మాట అనడానికి సిగ్గుండాలి. కార్ నికోబార్‌లో సువార్త కోసం, చదువు కోసం పాటుపడిన జాన్ రిచర్డ్‌సన్ 1950లో బిషప్పు అయ్యాడు. మొదటి లోక్‌సభలో ఈ ద్వీపాల తరఫున నామినేటెడ్ సభ్యుడిగా కూర్చున్నదీ ఆయనే. బిషప్పు పార్లమెంటులో కూర్చుంటే సేవ, నా కూతురు సర్టిఫికెట్ అడిగితే రాజకీయమా?

పౌలు ఏం చేశాడు?

"క్రీస్తులో కులం లేదు" అనేవాళ్ళు చూపించేది పౌలు గలతీయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయం. మంచిది. అదే పౌలును యెరూషలేములో కట్టేసి కొరడాలతో కొట్టబోతే ఏం చేశాడో అపొస్తలుల కార్యములు ఇరవై రెండో అధ్యాయంలో చదవండి. నేను రోమా పౌరుణ్ణి, విచారణ లేకుండా కొట్టడానికి మీకు అధికారం ఉందా అని శతాధిపతిని అడిగాడు. తర్వాత కైసరు ఎదుటే చెప్పుకుంటానన్నాడు. పరలోకమందు మన పౌరసత్వం ఉందని ఫిలిప్పీయులకు రాసింది కూడా ఆయనే. పరలోక పౌరసత్వం ఉన్నవాడికి భూమ్మీద పౌరసత్వం అక్కర్లేదని ఆయన అనుకోలేదు. మా పాస్టరు గారు అనుకుంటున్నారు.

అదే పౌలు కొరింథీ సంఘాన్ని తిట్టింది ఎందుకు? ప్రభురాత్రి భోజనానికి వచ్చి కలిగినవాళ్ళు ముందే తిని మత్తులవుతుంటే లేనివాళ్ళు ఆకలితో కూర్చున్నారు. మీరు తినేది ప్రభువు భోజనమే కాదు పొమ్మన్నాడు. బల్ల దగ్గర సమానమని చెప్పి బల్ల బయట అసమానతను చూడని సంఘానికి అంతకంటే గట్టి హెచ్చరిక ఏముంటుంది?

మనలో మనకి

అంబేద్కరైట్ మిత్రులు కొందరు నన్ను అడుగుతారు: "ఇంత తెలిసీ ఇంకా ఆ చర్చిలో ఎందుకన్నా? బాబాసాహెబ్ దారి చూపించాడు కదా." నా జవాబు సూటిది. మా ముత్తాతను మనిషిగా తాకిన మొదటి చోటు అది. విశ్వాసం నాది, పాస్టరు గారిది కాదు. మతం ఎంచుకునే స్వేచ్ఛ కోసమే బాబాసాహెబ్ యేవలాలో గర్జించాడు. ఆ స్వేచ్ఛను వాడుకున్నందుకు హక్కులు లాక్కునే మూడో పేరా ఆయన పోరాటానికే వ్యతిరేకం.

ఎస్సీ మిత్రుల భయం ఇంకొకటి. క్రైస్తవులొస్తే మా వాటా తగ్గుతుందని. ఆ భయం న్యాయమైనదే. మేమూ లెక్కలోకి వస్తే లెక్కకు తగినట్టు కోటా కూడా పెరగాలని అందరం కలిసి అడగాలి. ఉన్న ముద్ద కోసం పల్లెలో పల్లె కొట్టుకుంటే సంతోషించేది ఊరు.

మా తప్పు కూడా చెప్పుకోవాలి. తెలుగు క్రైస్తవుల పెళ్ళి సంబంధాల్లో "మీది ఏ మిషన్?" అని అడుగుతారు. మిషన్ పేరు చెబితే మాలో మాదిగో తెలిసిపోతుంది. క్రీస్తులో కులం లేదని ఆదివారం పాడి, సోమవారం మిషన్ అడిగేవాళ్ళలో మా మాలలమూ ఉన్నాం. సంఘ కమిటీల్లో మాదిగ సోదరులకు దక్కనిది మేమే అడ్డుపడి ఆపిన సందర్భాలూ ఉన్నాయి. ప్రభుత్వాన్ని అడిగే ముందు ఇది కడుక్కోవాలి.

పెద్దలకు నేను అడిగేవి ఇవి. దళిత క్రైస్తవులు నిరసన దినంగా పాటించే ఆగస్టు 10ని మా చర్చిలోనూ పాటించండి. ఆ వారం ప్రసంగంలో మూడో పేరా ఏమిటో సంఘానికి చదివి వినిపించండి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ముడి తెంచమంది. దాని నివేదిక ఉండగానే 2022లో ఇంకో కమిషన్ వేశారు. 2004లో సుప్రీంకోర్టుకెక్కిన పిటిషన్ ఇరవై ఏళ్ళు దాటినా తేలలేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవాడికి అట్రాసిటీ చట్టం రక్షణ లేదంది. అంటే కులం పేరుతో కొట్టినా కేసు నిలవదు. ఇన్ని జరుగుతుంటే డయాసిస్ నుంచి ఒక్క వినతిపత్రమైనా వెళ్ళాలి కదా. ఈ ద్వీపాల్లో వలస దళితులు, హిందువులైనా క్రైస్తవులైనా, ఎంతమంది ఉన్నారో ముందు సంఘాల వారీగా లెక్క తియ్యండి. ప్రభుత్వం సున్నా అని రాసుకున్న చోట చర్చి రిజిస్టరు నిజం చెప్పగలదు. బాప్తిస్మపు రిజిస్టరు మా దగ్గరే ఉంది.

నా కూతురు ఆ రోజు ఆ గడి ఖాళీగా వదిలేసింది. "క్రీస్తులో కులం లేదు అంటారు కదా నాన్నా, అందుకే ఖాళీగా ఉంచా" అంది. ఎగతాళి చేసిందో, నమ్మే అందో నాకు తెలీదు. ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం మా పాస్టరు గారి మాట నాకు సువార్తలా వినబడదు. కులం లేదనే సంఘం, కులం పేరుతో పోయిన హక్కు కోసం ఒక్క అడుగు బయటికి వెయ్యాలి. ఆ అడుగు వేసిన రోజు, అదే కమ్మీ దగ్గర, అదే వరుసలో నేనూ నిండు మనసుతో మోకరిస్తాను.

జై భీమ్.