మూట ఎందుకు, నంబరు చాలదా?

యాంగులర్ లోనో రియాక్ట్ లోనో పని మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ మొదటి నెలలో అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఈ పేజీలో ఉన్న డేటాని నెక్స్ట్ పేజీకి ఎట్లా పంపాలి?" అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో దీనికి రెడీమేడ్ జవాబు దొరుకుతుంది. షేర్డ్ సర్వీసు, రౌట్ పారామీటర్లు, క్వెరీ పారామీటర్లు, రౌటర్ స్టేట్, లోకల్ స్టోరేజ్.. వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పేస్తారు. ఇంటర్వ్యూల్లో మనమూ అదే అడుగుతాం. అవతలి మనిషి అయిదూ గడగడా చెప్పేస్తే టిక్కు పెట్టి తరవాతి ప్రశ్నకి వెళ్ళిపోతాం. వీటిలో ఏది ఎప్పుడు వాడకూడదో అడిగినవాళ్ళని నేనయితే చూడలేదు. అసలు పంపాల్సిన అవసరం ఉందా అని అడిగినవాళ్ళని అంతకన్నా చూడలేదు.

ఈ అలవాటు ఎక్కణ్ణించి వచ్చిందో చూద్దాం. హెచ్‌టీటీపీకి పుట్టుకతోనే జ్ఞాపకశక్తి లేదు. ప్రతి రిక్వెస్టూ కొత్త మనిషే. అందుకే 1994లో నెట్‌స్కేప్ లో లూ మాంటుల్లీ కుకీలు కనిపెట్టాడు. ఆ తరవాత చాలా ఏళ్ళపాటు మనవాళ్ళు జేఎస్పీల్లోనూ, ఏఎస్పీల్లోనూ సెషన్ ఆబ్జెక్టు పెట్టుకుని, హిడెన్ ఫీల్డులు పెట్టుకుని బండి లాగించారు. 2004లో జీమెయిల్ వచ్చింది, 2005లో ఏజాక్స్ అన్న పేరు పుట్టింది, ఇంకో పదేళ్ళకి ఊళ్ళో ప్రతి అప్లికేషనూ సింగిల్ పేజ్ అప్లికేషన్ అయిపోయింది. ఇక్కడ "పేజీ" అనేది వట్టి మాట. ఉన్నది ఒక్కటే పేజీ. జావాస్క్రిప్టు తెర మారుస్తుంది, హిస్టరీ ఏపీఐ పైన యూఆర్ఎల్ మారుస్తుంది. మెమరీ మాత్రం అదే. కాబట్టి మొదటి తెరలో ఒక వేరియబుల్ లో పడేసి రెండో తెరలో తీసుకోవచ్చు. అంత సుఖం ఇంకోటి లేదు. డెవలపర్ ల్యాప్‌టాప్ మీద అది ఎప్పుడూ పనిచేస్తుంది కూడా. చిక్కంతా అక్కడే ఉంది.

పోయిన ఏడాది మా పక్కింటి ఆంటీ వాళ్ళబ్బాయి ఏదో కోర్సుకి ఫోన్లో అప్లికేషన్ నింపుతున్నాడు. ఆరు స్టెప్పులు. పేరు, ఊరు, మార్కులు, కుల ధ్రువీకరణ పత్రం నంబరు, ఆదాయం.. అన్నీ అయ్యాయి. అయిదో స్టెప్పులో ఫొటో అడిగింది. కెమెరా తెరిచాడు, ఫొటో తీసుకున్నాడు, వెనక్కొచ్చాడు. మొదటి స్టెప్పు, ఖాళీ ఫారం. మళ్ళీ మొదలు. ఈసారి ఫొటో ముందే తీసి పెట్టుకున్నాడు కాబట్టి అయిదు దాటాడు, ఆరులో ఓటీపీ. మెసేజీలు తెరిచి చూసి వచ్చేసరికి మళ్ళీ మొదటి స్టెప్పు. "అన్నా, నువ్వు సాఫ్ట్‌వేరే కదా, ఇది ఎందుకిట్లా చేస్తుంది?" అని నా దగ్గరికొచ్చాడు. వాడు రిఫ్రెష్ కొట్టలేదు, బ్యాక్ నొక్కలేదు. రెండు జీబీ ర్యామ్ ఉన్న ఫోన్. కెమెరా తెరవగానే ఆండ్రాయిడ్ కి చోటు కావాలి, వెనక ఉన్న క్రోమ్ ట్యాబుని ఎత్తి పక్కన పడేసింది. వాడు తిరిగి రాగానే క్రోమ్ ఆ పేజీని మళ్ళీ లోడ్ చేసింది. మెమరీలో ఉన్న స్టోరు, సర్వీసు, అందులో ఉన్న వాడి అరగంట.. అన్నీ గాలికి పోయాయి.

మనం టీముల్లో "యూజర్ రిఫ్రెష్ కొడితే?" అనే మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "యూజర్ ఎందుకు కొడతాడు?" అంటారు. యూజర్ కొట్టక్కర్లేదు, ఫోనే కొడుతుంది. అందులోనూ మన దేశంలో అప్లికేషన్ల పద్ధతే మనిషిని బ్రౌజర్ బయటికి తోలేది: ఓటీపీకి మెసేజీల్లోకి, డబ్బులు కట్టడానికి యూపీఐ యాప్ లోకి, ఫొటోకి కెమెరాలోకి. మూడుసార్లు బయటికి పంపి, మూడుసార్లూ ట్యాబు బతికే ఉంటుందని నమ్మడం ఏం ఇంజనీరింగో నాకర్థం కాదు. "దయచేసి బ్యాక్, రిఫ్రెష్ నొక్కకండి" అని ఎర్రక్షరాల్లో రాసే సైట్లయితే ఇంకా నయం, వాటికి తమ సంగతి కనీసం తెలుసు :)

సికింద్రాబాద్ లో పెరిగినవాణ్ణి కాబట్టి నాకు ఇలాంటివన్నీ స్టేషన్ భాషలో చెప్పుకుంటేనే తలకెక్కుతాయి. మన రైల్వేలో కంప్యూటర్ రిజర్వేషన్ 1985లో ఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది. మొదట్లో ఏ కేంద్రం లెక్కలు ఆ కేంద్రానివే. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు అయిదింటినీ కాన్సర్ట్ అనే సాఫ్టువేరుతో 1999లో కలిపాక, ఏ ఊరి కౌంటర్లోనైనా ఎక్కణ్ణించి ఎక్కడికైనా టికెట్ తీసుకునే వీలొచ్చింది. ఆన్‌లైన్ బుకింగ్ 2002లో వచ్చింది. ఇంత పెద్ద వ్యవస్థలో ప్రయాణికుడి చేతిలో నడిచేది ఏమిటి? పది అంకెల పీఎన్ఆర్. కౌంటర్లో గుమాస్తాకీ అదే, 139కి ఫోన్ చేసినా అదే, రైల్లో టీటీఈకీ అదే. మిగతా వివరాలు ఉండాల్సిన చోట ఒక్కచోటే ఉంటాయి, నంబరు చెబితే తీసి చూపిస్తారు.

ఇంకో తమాషా చూడండి. టికెట్ మీద నంబరుతో పాటు స్టేటస్ కూడా అచ్చవుతుంది. వెయిటింగ్ లిస్ట్ 23 అని. ఆ 23 అనేది టికెట్ తీసుకున్న క్షణంలో నిజం. సాయంత్రానికి 17 అవుతుంది, వారానికి ఆర్ఏసీ అవుతుంది, చార్టు పడ్డాక ఎస్7లో సైడ్ లోయర్ కావచ్చు. టికెట్ మీద మాత్రం ఇంకా 23 అనే ఉంటుంది. మా అమ్మమ్మతో సహా ఎవరూ ఆ 23ని నమ్ముకుని కూర్చోరు, పీఎన్ఆర్ కొట్టి చూడరా అంటారు. అంటే అచ్చయిన స్టేటస్ ఒక కాపీ అనీ, నంబరు అసలైన దానికి దారి అనీ మామూలు ప్రయాణికుడికి తెలుసు. బీటెక్ చదివిన మనం మాత్రం లిస్టు పేజీలో ఉన్న ఆర్డరు ఆబ్జెక్టుని మొత్తంగా మూటగట్టి డీటెయిల్స్ పేజీకి మోసుకెళ్తాం. ఆ పేజీ తెరిచి ఉండగా వెనక ఆర్డరు క్యాన్సిలయినా మనం "డెలివరీకి సిద్ధం" అనే చూపిస్తుంటాం. తరవాత ఎడిట్ పేజీకి ఇంకో కాపీ, కన్‌ఫర్మ్ పేజీకి ఇంకోటి. ఒకే ఆర్డరుకి నాలుగు కాపీలు, నాలుగు నిజాలు. బగ్ వచ్చినప్పుడు ఏ కాపీ పాతదో వెతకడానికి ఒక స్ప్రింటు.

కాబట్టి నా వాదన ఇదీ: పేజీకీ పేజీకీ మధ్య ఐడీ మాత్రమే పోవాలి, అది యూఆర్ఎల్ లో పోవాలి. రెండో పేజీ ఆ ఐడీ పట్టుకుని తన డేటా తనే తెచ్చుకోవాలి, మొదటి పేజీ అనేది ఒకటుందని కూడా దానికి తెలియక్కర్లేదు. వెతుకులాట పేజీ అయితే ఎక్కణ్ణించి, ఎక్కడికి, ఏ తేదీ అనే ఫిల్టర్లు కూడా యూఆర్ఎల్ లోనే ఉండాలి. అప్పుడు రిఫ్రెష్ అయినా ఉంటుంది, బ్యాక్ కొడితే పాత వెతుకులాట అలాగే దొరుకుతుంది, లంకె కాపీ చేసి ఇంట్లోవాళ్ళకి వాట్సాప్ లో పంపితే వాళ్ళకీ అదే కనిపిస్తుంది. జాలం మొదలైన దగ్గర్నించీ ఉచితంగా ఉన్న సదుపాయాలివి. మనమే చెడగొట్టి, మళ్ళీ "షేర్" బటన్ కి వేరే స్టోరీ రాసుకుంటున్నాం.

"రౌటర్ స్టేట్ ఉంది కదా, రిఫ్రెష్ కి కూడా బతుకుతుంది" అంటారు కొందరు. నిజమే. హిస్టరీ స్టేట్ ని బ్రౌజర్ తన చరిత్రతో పాటు దాచుకుంటుంది. కానీ అది ఆ ట్యాబు చరిత్రకి అతుక్కుని ఉంటుంది. లంకె ఇంకొకళ్ళకి పంపితే వెంట రాదు, కొత్త ట్యాబులో తెరిస్తే రాదు. అందులో ఫంక్షన్ ఉన్న ఆబ్జెక్టు పెడితే డేటా క్లోన్ ఎర్రర్ మొహాన కొడుతుంది. వెనక్కి వెళ్ళినప్పుడు స్క్రోల్ ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడం లాంటి చిల్లర పనులకి బాగుంటుంది, అంతవరకే.

ఇక లోకల్ స్టోరేజ్. నాకు దీనిమీద కొంచెం కోపం ఎక్కువ, ముందే చెప్తున్నా. అది ఒక ట్యాబుది కాదు, ఆ సైటు తాలూకు ట్యాబులన్నిటికీ ఉమ్మడి ఆస్తి. బ్రౌజర్ మూసినా పోదు. ఇప్పుడు క్లాక్ టవర్ దగ్గరో, చిలకలగూడలోనో ఒక ఇంటర్నెట్ సెంటర్ ఊహించుకోండి. అడ్మిషన్ల సీజన్, బయట క్యూ. ఆపరేటరు ఒకే కంప్యూటర్లో ఒకరి ఫారం ఓటీపీ కోసం ఆగి ఉండగా పక్క ట్యాబులో ఇంకొకరి ఫారం మొదలుపెడతాడు. మన అప్లికేషన్ "ప్రస్తుత దరఖాస్తు" అనే ఒకే పేరుతో లోకల్ స్టోరేజ్ లో రాస్తోంది. రెండో పిల్ల తండ్రి ఆదాయం మొదటి పిల్ల ఫారంలోకి వచ్చి కూర్చుంటుంది. ఎర్రర్ రాదు, లాగ్ లో ఏమీ ఉండదు. అన్నీ సరిగ్గా ఉన్నట్టే సబ్మిట్ అవుతుంది. తెలిసేది వెరిఫికేషన్ రోజున, సర్టిఫికెట్లు పట్టుకుని వరసలో నిలబడ్డప్పుడు. ఫారం ఖాళీ అయిపోవడం చిరాకు. ఒకరి వివరాలు ఇంకొకరి పేరుమీద వెళ్ళడం ఒక విద్యా సంవత్సరం. ట్యాబుల్లో రెండు టికెట్లు పోల్చి చూసుకునే మనిషి ఒకదానికి బదులు ఇంకోదానికి డబ్బు కట్టడం కూడా సరిగ్గా ఈ జాతి బగ్గే.

ఐడీ మాత్రమే పంపు అంటే మా వాళ్ళు రెండు అభ్యంతరాలు చెప్తారు. మొదటిది, ప్రతి పేజీకీ మళ్ళీ ఏపీఐ కాలా, స్లో అవదా అని. లిస్టులో వచ్చిన డేటాని కాష్ లో పెట్టుకుని వెంటనే చూపించండి, వెనక తాజాది తెచ్చి మార్చండి. దీనికి లైబ్రరీలు కావలసినన్ని ఉన్నాయి. కాష్ పోయినా పేజీ బతకాలి, అదొక్కటే షరతు. కాష్ లేకపోతే తెల్ల తెర వస్తోందంటే అది కాష్ కాదు, పేరు మార్చుకున్న మూట.

రెండోది గట్టి అభ్యంతరం, భద్రత. యూఆర్ఎల్ లో ఉన్నది బ్రౌజర్ చరిత్రలో ఉంటుంది, సర్వర్ లాగుల్లో ఉంటుంది. కాబట్టి ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, టోకెన్లు అక్కడ పెట్టకూడదు. ఇందులో రాజీ లేదు. ఐడీ కూడా 1041 పక్కన 1042 అన్నట్టు కాకుండా ఊహించలేనిది అయితే మంచిది. అంతకన్నా ముఖ్యంగా, ఐడీ తెలిసిన ప్రతివాడికీ సర్వరు డేటా ఇచ్చెయ్యకూడదు, అడిగింది ఎవరో చూడాలి. ఇక్కడ కూడా రైల్వేవాళ్ళే నయం. పీఎన్ఆర్ కొట్టి చూస్తే పాసింజర్ 1, పాసింజర్ 2 అనే ఉంటుంది, పేర్లు ఉండవు. ఐడీ దాచిపెట్టి ఆబ్జెక్టు మెమరీలో మోస్తే సేఫ్ అనుకోవడం భ్రమ, ఎఫ్12 నొక్కితే అంతా కనిపిస్తుంది. ధర లాంటివి పేజీల మధ్య మోసుకొచ్చి చివర్లో సర్వరుకి పంపే కోడ్ నేను రివ్యూల్లో ఇప్పటికీ చూస్తున్నాను. ధర సర్వరే లెక్కకట్టాలి, బ్రౌజర్ చెప్పింది వినకూడదు.

ఇంకా సేవ్ కాని డేటా సంగతి ఏమిటి? సగం నింపిన ఫారానికి ఐడీ ఉండదు కదా? ఇవ్వండి. మొదటి స్టెప్పు దాటగానే సర్వర్లో ఒక డ్రాఫ్టు తయారు చేసి, ఆ డ్రాఫ్టు నంబరూ స్టెప్పు నంబరూ యూఆర్ఎల్ లో పెట్టండి. ప్రతి స్టెప్పుకీ సేవ్ చెయ్యండి. ఫోన్ చచ్చిపోయినా రేపు ఇంకో ఫోన్లో లాగినై అక్కణ్ణించే కొనసాగించొచ్చు. సర్వరు టీము ఒప్పుకోకపోతే (ఒప్పుకోరు, నాకు తెలుసు) కనీసం సెషన్ స్టోరేజ్ లో, డ్రాఫ్టు నంబరు పేరుతో పెట్టండి. అది ఏ ట్యాబుకి ఆ ట్యాబుది, పేజీ మళ్ళీ లోడైనా ఉంటుంది. సేవ్ చెయ్యడం పేజీ వదిలిపోయేటప్పుడు చేద్దాంలే అనుకోకండి. ట్యాబుని సిస్టం చంపేసేటప్పుడు అన్‌లోడ్ ఈవెంటు వస్తుందన్న గ్యారంటీ లేదు. పేజీ కనుమరుగయ్యేటప్పుడు వచ్చే విజిబిలిటీ చేంజ్ ఒక్కటే కొంత నమ్మదగింది. ఫీల్డు మారినప్పుడల్లా సేవ్ చేస్తే ఆ బెంగా లేదు.

పరీక్ష చెయ్యడానికి టెస్టింగ్ టీము దాకా వెళ్ళక్కర్లేదు. డెస్క్‌టాప్ క్రోమ్ లో డిస్కార్డ్స్ అని ఒక లోపలి పేజీ ఉంది. అడ్రస్ బార్ లో క్రోమ్ అని కొట్టి, కోలన్, రెండు స్లాష్‌ల తరవాత ఆ పేరు రాస్తే వస్తుంది. తెరిచి ఉన్న ట్యాబులన్నీ వరసగా కనిపిస్తాయి, ఏదైనా ఒక ట్యాబుని మీరే చంపొచ్చు. మీ అప్లికేషన్లో నాలుగో స్టెప్పు దాకా వెళ్ళి, దాన్ని అక్కడ చంపి, మళ్ళీ ఆ ట్యాబు మీద నొక్కి చూడండి. ఆ తరవాత అదే యూఆర్ఎల్ ని కాపీ చేసి ఇన్‌కాగ్నిటో కిటికీలో అతికించండి. లాగిన్ అడిగి, లాగినయ్యాక అదే స్టెప్పుకి తీసుకొస్తే సరే. మా టీములో పోయిన నెలనించీ ఈ రెండూ చెయ్యకుండా ఏ పుల్ రిక్వెస్టూ మెర్జ్ అవ్వట్లేదు, మొదటి వారం నన్ను అందరూ తిట్టుకున్నారు. ఆ వారంలోనే పదకొండు తెరలు ఖాళీగా తేలాయి.