విజయ తైలం గురించి తెలుగులో చెప్పండి

కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ కార్యదర్శి గారికి,

మూర్ఛతో బాధపడే పిల్లల తల్లులు ఫోన్‌లో వెతుకుతున్నది ఒకటే: గంజాయి మొక్కతో చేసిన మందు మా బిడ్డకు పనికొస్తుందా? వాళ్లకు ఎదురయ్యేవి అమ్మేవాళ్ల ప్రకటనలు, లేదంటే పోలీసుల హెచ్చరికలు.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పూత, కాత ఉన్న కొసలనే గంజాయి అంటుంది. విడి ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. ఆ ఆకుతోనే ‘విజయ’ పేరిట తైలం వంటి ఆయుర్వేద మందులు తయారవుతున్నాయి. వైద్య పర్యవేక్షణలో వాడాలన్న హెచ్చరిక లేబుల్ మీద ఇంగ్లిషు, హిందీల్లో ఉంటే నిబంధనకు సరిపోతుంది. ఆ రెండూ రాని తల్లి సంగతేమిటి?

అమెరికా 2018లో కొన్ని అరుదైన మూర్ఛలకు అనుమతించిన కానబిడయోల్ అనే మందు గంజాయి మొక్క నుంచి వచ్చిందే. దాన్ని క్లోబజామ్ అనే ఫిట్స్ మందుతో వాడితే మగత పెరగొచ్చు. వాల్‌ప్రోయేట్ అనే మరో ఫిట్స్ మందుతో అయితే కాలేయానికి ముప్పు ఎక్కువ. మన పిల్లల్లో ఎందరో రోజూ మింగుతున్నవి ఈ మందులే! ఇంత ముఖ్యమైన విషయం డాక్టరును అడిగితే తప్ప బయటపడకపోవడం అన్యాయం.

మీ వెబ్‌సైట్‌లో తెలుగులో ఒక్క పేజీ పెట్టించండి. లైసెన్సున్న తయారీదారులెవరు, ఏ మందులతో జాగ్రత్త, ఫిర్యాదు ఎక్కడ చేయాలి, ఇవి రాస్తే చాలు. పాత ఫిట్స్ మందు సొంతంగా ఆపొద్దన్న మాట మాత్రం మొట్టమొదట, పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఇట్లు,
ఒక మూర్ఛ రోగి బంధువు