ఏకాగ్రత పేరిట చెవుడు

మొన్న సూరత్ లింబాయత్‌లో మన పిల్లల సన్మాన సభకు ఒక వ్యక్తిత్వ వికాస వక్తను పిలిచారు. ఆయన పిల్లల్ని వదిలి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే తండ్రుల మీద పడ్డాడు. "సాంచాల మధ్య నిలబడి కూడా మీకు ఆ చప్పుడు వినబడదు. అదీ ఏకాగ్రతంటే! అక్కర్లేనిదాన్ని మెదడు గుమ్మంలోనే ఆపేస్తుంది" అన్నాడు. ముందు వరుసలోని సాంచాల యజమానులు, సేఠ్‌లు, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టరు? పైసా ఖర్చు లేకుండా చెవుడుకు ప్రతిభ అని పేరు పెట్టిపోయాడు!

మెదడు ఏరుకుంటుంది, కాదనను. 1953లో కొలిన్ చెర్రీ అనే పరిశోధకుడు ఒక్కో చెవిలో ఒక్కో ప్రసంగం వినిపించి చూశాడు. పట్టించుకోని చెవిలో ఇంగ్లీషు పోయి జర్మన్ వచ్చినా వినేవాళ్లు పసిగట్టలేదు. 1958లో మనస్తత్వ శాస్త్రవేత్త బ్రాడ్‌బెంట్ దీన్నే వడపోత సిద్ధాంతంగా నిలబెట్టాడు. సరే.

కానీ ఆ గుమ్మం ఎక్కడుంది స్వామీ? చెవికి అవతల. శబ్దం లోపలి చెవిలోని రోమకణాలను ఊపాకే నరంలోకి సంకేతం పోతుంది. మెదడు "ఇది నాకొద్దు" అనేసరికే దెబ్బ తగిలిపోయింది. మధ్య చెవిలో ఓ చిన్న కండరం బిగుసుకుని కొంత అడ్డుపడుతుంది గానీ, నాడె కొట్టే ఆకస్మిక దెబ్బకు అది అందుకోలేదు. ఒక్కో చెవిలో ఉండే రోమకణాలు సుమారు 15,000. చచ్చినవి మళ్లీ మొలవవు. ముందుగా పోయేది 4,000 హెర్ట్జ్ దగ్గరి వినికిడి. అంటే స, శ, త లాంటి అక్షరాలు తెలిసే చోటు. కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి వచ్చి ఇక్కడ సాంచాలు నడిపి ముసలైన మనోళ్లు పెళ్లి పందిట్లో ప్రతి మాటకూ "ఏందీ?" అనడం చూడండి. పదిమందిలో ఒక గొంతును పట్టుకునే శక్తి, వక్తగారు పొగిడిన ఆ వడపోతే, వాళ్లకు దక్కకుండా పోయింది.

ఈ ఏకాగ్రత గురువులతో వేగలేకపోతున్నాం. సెకనుకు ఇన్ని లక్షల బిట్లంటూ అంకెలు చల్లుతారు. డెసిబెల్ అన్న మాట మాత్రం నోట రాదు. ఎనిమిది గంటలకు 90 డెసిబెల్లన్నది పరిమితి. సూరత్ పాళీ, అంటే షిఫ్టు, పన్నెండు గంటలు. చప్పుడుతో వచ్చే చెవుడు ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లోకి, అంటే వృత్తివ్యాధుల జాబితాలోకి, ఎప్పుడో ఎక్కింది. ఎవరు చదివారు?

"అలవాటైతే ఇబ్బందేముంది?" అనేవాళ్లకు ఒక్క మాట. 1930లలో బ్రిటన్‌లో వెస్టన్, ఆడమ్స్ అనే పరిశోధకులు నేత కార్మికుల చెవులకు రక్షణ పెట్టించి చూస్తే, అలవాటుపడ్డ ఆ చేతుల పనే మెరుగైంది. వడపోత ఉచితమైతే అలా ఎందుకవుతుంది?

ఏం చేయాలంటారా? చెవి బిరడాలు, ఏటా వినికిడి పరీక్ష, వీలైన చోట నాడె లేని మగ్గాలు. డబ్బెవరిది అన్న లెక్క తర్వాత తేల్చుకుందాం, ముందు ఈ పొగడ్త ఆపండి. లేదూ, మెదడు మీద అంత నమ్మకముంటే సేఠ్‌లు అద్దాల గదిలోంచి బయటికొచ్చి, సాంచాల మధ్య కుర్చీ వేసుకుని పాళీ పాళీకీ లెక్కలు రాసుకోవాలి. వాళ్ల మెదడూ వడకడుతుంది కదా!