న్యూట్రల్‌లో ఉన్నా చక్రం తిరుగుతోందా?

కారు సర్వీసుకిచ్చారు. మెకానిక్ లిఫ్ట్ మీద పైకి లేపాడు. ఇంజిన్ ఆన్‌లో ఉంది, గేర్ లీవర్ 'ఎన్' దగ్గరే ఉంది. అయినా ముందు చక్రం మెల్లగా తిరుగుతోంది! మా బావగారికి ఇలాగే జరిగితే, అక్కడున్నాయన "గేర్‌బాక్స్ విప్పాలి సార్" అన్నాడట. ఆయన వెంటనే నాకు ఫోన్ చేశారు. "ఏమీ విప్పించకండి, ముందు బ్రేక్ మెల్లగా తొక్కి చూడండి" అన్నాను. తొక్కగానే చక్రం ఆగింది. గేర్‌బాక్స్ బాగానే ఉంది.

మరి ఎందుకు తిరిగింది? టార్క్ కన్వర్టర్ ఉండే ఆటోమేటిక్‌లో క్లచ్ ప్లేట్లు నూనెలో మునిగి ఉంటాయి. న్యూట్రల్‌లో అవి ఒకదాన్నొకటి వదిలేస్తాయి. కానీ మధ్యలో నూనె ఉంటుంది కదా! రెండు స్టీలు ప్లేట్ల మధ్య నూనె పోసి పైదాన్ని తిప్పండి, కిందది కూడా కాస్త కదులుతుంది. ఇదీ అంతే. టన్ను బరువున్న కారును కదిలించే బలం దానికి లేదు, గాల్లో ఉన్న చక్రాన్ని తిప్పడానికి మాత్రం చాలు. నూనె చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు ఇది ఇంకొంచెం ఎక్కువ.

బ్రేక్ తొక్కినా గట్టిగా లాగుతుంటే, లేదా చదునైన నేల మీద న్యూట్రల్‌లోనే కారు కదులుతుంటే, అప్పుడు తప్పకుండా చూపించండి. చక్రాన్ని చేత్తో ఆపే సాహసం మాత్రం వద్దు.

అసలు భయపడాల్సింది 'ఎన్' గురించి కాదు, 'పి' గురించి. పార్క్‌లో పెడితే గేర్‌బాక్స్ లోపల ఒక చిన్న కొక్కెం పళ్ల చక్రంలో పడి, బయటికొచ్చే షాఫ్ట్‌ను పట్టుకుంటుంది. అది నేరుగా చక్రాలను పట్టుకోదు. మధ్యలో డిఫరెన్షియల్ ఉంది. ముందు చక్రం పంక్చరై, దాన్ని జాకీతో లేపారనుకోండి. గాల్లో ఉన్న చక్రం వెనక్కి తిరిగితే, నేల మీదున్న రెండో ముందు చక్రం ముందుకు తిరగగలదు. అంటే 'పి'లో ఉన్నా కారు జరిగి జాకీ మీద నుంచి పడిపోవచ్చు! ముందు చక్రాలతో నడిచే మన చిన్న కార్లన్నిటికీ ఇది వర్తిస్తుంది.

2014లో సెలెరియోతో మన దగ్గర బాగా తెలిసిన ఏఎంటీ కార్లలో చాలావాటికి 'పి' అసలే ఉండదు. గేర్‌లో వదిలేసినా పైన చెప్పిన చిక్కే.

అందుకే టైరు మార్చేటప్పుడు చదునైన చోటు చూసుకోండి. హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగండి, ఇంజిన్ ఆపండి. మార్చే చక్రానికి ఐమూలగా ఉన్న చక్రానికి రెండు వైపులా రాళ్లు పెట్టండి. కారు కిందికి చెయ్యి గానీ తల గానీ పెట్టొద్దు.

ఇంకోటి. ఆటోమేటిక్ కారు ఆగిపోతే, న్యూట్రల్‌లో పెట్టి తాడుతో దూరం లాగించొద్దు. ఇంజిన్ ఆగితే నూనె పంపూ ఆగుతుంది. చక్రాలు తిరుగుతుంటే లోపలి భాగాలు నూనె అందక అరిగిపోతాయి. ఫ్లాట్‌బెడ్ బండి పిలిపించండి.

ఇవాళే ఒకసారి డిక్కీ తెరిచి చూడండి. స్టెప్నీ, జాకీ ఉండే ఉంటాయి. చక్రానికి అడ్డం పెట్టేదేమైనా ఉందా? లేకపోతే రెండు చెక్క దిమ్మలు పడేసుకోండి.