భవంతి ఇండ్ల జీర్ణోద్ధరణ - పరిష్కర్త ధర్మం

జీర్ణోద్ధరణ అనే మాట దేవాలయాలకే చెందినదన్న అభిప్రాయం లోకంలో స్థిరపడిపోయింది. గుడి ప్రాకారం బీటలు వారితే జీర్ణోద్ధరణ జరుగుతుంది. ఇంటి గోడ బీటలు వారితే ఇల్లే నేలమట్టమవుతుంది. ఈ రెంటికీ నడుమ మూడవది ఒకటి ఉన్నది. దానిని జనం "బాగుచేయించడం" అంటారు. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలోని పాత ఇండ్లకు కూల్చివేతకంటె ఈ బాగుచేతయే ఎక్కువ ప్రమాదకారి అని చెప్పవలసి వస్తున్నది. కూలిన ఇల్లు లేదన్న సంగతి అందరికీ తెలుస్తుంది. బాగుపడిన ఇల్లు ఉన్నట్లే కనబడుతూ లేకుండా పోతుంది.

ఈ ప్రాంతపు పాత ఇంటికి ప్రజలు పెట్టుకున్న పేరు భవంతి. కోస్తా జిల్లాలలో మండువా లోగిలి అనే దానికి ఇది దగ్గరి చుట్టం. నేటి పత్రికాభాషలో భవంతి అంటే అంతస్తుల మేడ. నిఘంటువులు మాత్రం దానికి చతుశ్శాల అన్న అర్థమే చెబుతాయి. వరాహమిహిరుడు బృహత్సంహిత వాస్తువిద్యా ప్రకరణంలో సర్వతోభద్రం, నంద్యావర్తం, వర్ధమానం, స్వస్తికం, రుచకం అని చతుశ్శాలలకు భేదాలు చెప్పినాడు. మంథని, ధర్మపురి వంటి గోదావరీతీర విద్వత్క్షేత్రాలలో గాని, జగిత్యాల, పెద్దపల్లి పరిసర గ్రామాలలో గాని మిగిలిన భవంతులను చూచినవారికి ఆ శాస్త్రచర్చ కేవలం పుస్తకాలలోనిది కాదని తోచకమానదు. వీధివైపు అరుగులు, చెక్కుడుపనితో దర్వాజ, ఎత్తైన కడప, లోపల టేకు స్తంభాల సాయబాను, నడుమ ఆకాశానికి తెరచిన వాకిలి, చుట్టూ అర్రలు, పైన అటుక, వెనుక దొడ్డి, బావి - ఇది సామాన్యమైన అమరిక. కలిమిని బట్టి కొలతలు మారుతాయి, అమరిక మారదు.

2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగి మంథని పెద్దపల్లి జిల్లాలోను, ధర్మపురి జగిత్యాల జిల్లాలోను చేరినవి. ఇండ్ల విషయంలో మాత్రం ఈ నేలంతా ఒకే సీమ. ఆదిలాబాదు అడవుల టేకు, గోదావరి ఇసుక, ఊరి చెరువు మట్టి, ఇక్కడి సున్నపురాయి కలసి ఈ ఇండ్లను కట్టినవి.

ఇట్టి ఇంటిని ఎట్లా బాగుచేయవలెనన్న ప్రశ్నకు శాస్త్రంలో సమాధానం లేకపోలేదు. మయమతంలో 35వ అధ్యాయానికి అనుకర్మవిధానమని పేరు. జీర్ణమైన కట్టడాలను తిరిగి నిలబెట్టే విధానం దానిలో చెప్పబడినది. ప్రధానాంగాలలోను ఉపాంగాలలోను లక్షణాలు ఇంకా గుర్తింపదగినట్లున్న కట్టడాన్ని దాని స్వద్రవ్యాలతోనే బాగుచేయవలెననియు, లోపించినవాటిని పూరించునప్పుడు మొదటి రూపానికి అదనంగా ఏమియు చేర్చరాదనియు దాని సారాంశం. అది ప్రాసాదాలనుద్దేశించి చెప్పిన మాట అయినప్పటికీ, ఇంటికి వర్తింపజేయడానికి అడ్డేమీ కనబడదు.

విచిత్రమేమనగా, ఈ సీమలో పాత ఇండ్లను ఎక్కువగా పగులగొట్టించినది కూడా వాస్తువే. గత మూడు నాలుగు దశాబ్దాలుగా వాస్తు సలహాదారులు పెరిగిపోయి, ఈశాన్యం మూసినదనీ, నైరుతి పల్లమనీ, దర్వాజ స్థానం తప్పినదనీ చెప్పి, నూరేండ్లు నిలిచిన గోడలను పడగొట్టిస్తున్నారు. మూడు తరాలు పుట్టి పెరిగిన ఇంట్లో నాలుగవ తరంవాడికి వ్యాపారనష్టం వస్తే దోషం దర్వాజదవుతుంది. శాస్త్రం పేర ఇల్లు విరుగగొట్టేవారు అదే శాస్త్రంలోని అనుకర్మవిధానం చదివిన జాడ కనబడదు. సంస్కృతం నేర్చినవారు ఈ విషయంలో మౌనం వహించడం తగదు. గ్రంథం తమ చేతిలో ఉండగా దాని పేరు చెప్పి ఇతరులు తీర్పులు ఇస్తున్నారు.

అనుకర్మకు ప్రాచ్యకళాశాలలవారికి బాగా తెలిసిన పోలిక ఒకటి ఉన్నది. అది గ్రంథ పరిష్కరణ. తాళపత్రప్రతిలో పురుగు తొలిచిన చోట పరిష్కర్త ఏమి చేస్తాడు? గ్రంథపాతమని గుర్తు పెడతాడు. ఇతర ప్రతులు ఉంటే వాటి సాయంతో పూరిస్తాడు, పూరించినట్లు చెబుతాడు. తనకు నచ్చలేదని ప్రాచీనపాఠాన్ని తీసి స్వంతపద్యం చేర్చడు. చేర్చితే దానిని ప్రక్షిప్తమంటారు. లేఖకుల చేతిలో వచ్చిన పాఠాంతరాలను కూడా అధోజ్ఞాపికలలో నిలుపుతాడు. ఇల్లు కూడా ఇట్టి ప్రతియే. తాత వేసిన మట్టిగోడ, తండ్రి మార్చిన పెంకలు, మధ్యలో ఎప్పుడో చేర్చిన కమాను, వీటిలో దేనిని ఉంచవలెను, దేనిని తీయవలెను అన్నది వివేచనతో తేల్చవలసిన విషయం. 1964 నాటి వెనిస్ అంతర్జాతీయ నియమావళి కూడా ఇంచుమించు ఇదే చెప్పినది: అన్ని కాలాల చేర్పులకు విలువ ఇవ్వవలెను, ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగవలెను, కొత్తగా పూరించినది మొత్తంతో కలసిపోతూనే పాతదానినుండి వేరుగా గుర్తింపబడవలెను. మయమతానికి తెలియనిది దీనిలో ఈ చివరి మాట ఒక్కటే కావచ్చు.

ద్రవ్యం విషయం కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. ఎక్కువ ఇండ్లు పాడవుతున్నది ఇక్కడనే.

పాత గోడలు మట్టితోను, రాయితోను, డంగు సున్నంతోను కట్టినవి. గానుగలో ఎద్దులు తిప్పగా నూరుకున్న సున్నం మెల్లగా గట్టిపడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని తిరిగి రాయిగా మారుతుంది. అయినా దానిలో సన్నని రంధ్రాలు మిగిలే ఉంటాయి. వానకాలంలో నేలనుండి ఎక్కిన చెమ్మ ఎండకాలంలో ఆ రంధ్రాల గుండా బయటికి పోతుంది. అట్టి గోడకు సిమెంటు పూత పూసితే చెమ్మకు దారి మూతపడుతుంది. లోపల చిక్కిన నీరు పైకెక్కి మరొక చోట ఉప్పుగా పొంగుతుంది, పూత పెచ్చులూడుతుంది. యజమాని దానిని చూచి మేస్త్రీ సిమెంటు తక్కువ కలిపినాడనుకొని ఇంకొక పూత వేయిస్తాడు. లోపలి మట్టి మెత్తబడుతూనే ఉంటుంది. గోడలో దూర్చిన దూలం కొన ఆ తడిలో మురుగుతుంది. పది పదిహేనేండ్లకు కప్పు కుంగినప్పుడు "పాత ఇల్లు కదా" అంటారు. ఆ నేరం ఇంటి వయసుది కాదు. 2022 జూలై వరదలో మంథని పట్టణంలోకి నీరు వచ్చినది. అట్లా నానిన మట్టిగోడలు నెలల తరబడి ఆరవలెను; తొందరపడి సిమెంటు పూయడం వాటికి రెండవ వరద.

ఈ ప్రాంతంలో సున్నపురాయికి కరవులేదు. బసంత్‌నగర్‌లోను, మంచిర్యాలలోను, దేవాపూర్‌లోను సిమెంటు కర్మాగారాలు వెలసినది ఆ రాయి కోసమే. తాతలు ఏ రాయిని కాల్చి గోడకు ఊపిరి పోసినారో, ఆ రాయి నుండి వచ్చిన సిమెంటే నేడు ఆ గోడకు ఊపిరి ఆడకుండా చేస్తున్నది. సిమెంటు చెడ్డదని దీని అర్థం కాదు. దానికి తగిన ఇల్లు వేరు. మట్టిగోడ మీద కాంక్రీటు కప్పు వేయడం ముసలి ఎద్దు మీద బండరాయి పెట్టడమే.

బృహత్సంహితలో వజ్రలేప ప్రకరణమున్నది. పచ్చి తిందుక, కపిత్థ ఫలాలు, బూరుగు పూలు మొదలైనవి నీటిలో కాచి ఎనిమిదవ వంతుకు దింపి, గుగ్గులు, సర్జరసం వంటివి కలిపి గోడలకు, ప్రతిమలకు పూయమన్నాడు. తిందుకాన్ని తునికిగా గ్రహించితే, ఆ చెట్టు ఆదిలాబాదు అడవినిండా ఉన్నది. దాని ఆకు బీడీలకు పోతున్నది. కాయతో ప్రయోగం చేసి చూచిన రసాయనశాఖ గాని సంస్కృతశాఖ గాని ఉన్నట్లు వినరాదు. రెండు శాఖలూ కలసి చేయదగిన పని ఇది.

ఇక నడిమి వాకిలి. అన్నదమ్ముల పంపకాలలో మొదట తెగేది ఇదే. సరిగ్గా నడుమ గోడ లేచి చతుశ్శాల రెండు ద్విశాలలవుతుంది. ఎవరికీ వెలుతురు మిగలదు. పంపకం కాని ఇండ్లలో కోతుల భయానికో, వానజల్లు కోసమో వాకిలిపై రేకులు కప్పుతున్నారు. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఈ సీమలో వేడిగాలి పైకి పోయే దారి మూసి, తరువాత ప్రతి అర్రకూ శీతలయంత్రం పెట్టుకుంటున్నారు. కోతుల బాధ నిజమైనదే. దానికి ఇనుప జాలీ చాలును, రేకు అక్కరలేదు.

ఇల్లు మ్యూజియం కాదు. దానిలో ముసలివారుంటారు, చంటిపిల్లలుంటారు. స్నానాలగది దొడ్డి చివర ఉండవలెనని పట్టుబట్టడం, విద్యుత్తీగలు వద్దనడం సంరక్షణ అనిపించుకోదు. స్నానాలగది, వంటగట్టు, తీగలు, గొట్టాలు - వీటిని గోడ చీల్చకుండా, అవసరమైతే తిరిగి తీసివేయడానికి వీలుగా అమర్చుకొనవచ్చును. ఎత్తు కడప దాటలేని వృద్ధులకోసం కడప నరకడంకంటె ఇరువైపుల చెక్క వాలు వేయడం సులభం, చవుక కూడాను. నివసించని భవంతి రెండు వానకాలాలకు మించి నిలువదు. చెదలు, వాన మనిషి లేని ఇంటిని త్వరగా గుర్తుపడతాయి.

గడీల సంగతి ఇంతకంటె చిక్కయినది. దేశ్‌ముఖులు, దొరలు కట్టుకున్న గడీలు ఈ జిల్లాల గ్రామాలలో అనేకం. వాటి స్తంభాలు, కమానులు, బురుజులు శిల్పదృష్టితో చూస్తే మిక్కిలి మెచ్చదగినవి. ఆ గోడలను లేపినవి వెట్టిచేతులు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన జైత్రయాత్ర తరువాత ఈ ప్రాంతపు దొరలు అనేకులు పట్నాలకు తరలిపోయినారు. గడీలు పాడుపడినవి, కొన్ని కూలినవి, కొన్నింటి టేకు దూలాలు, దర్వాజలు అమ్ముడుపోయినవి. వీటిని నిలుపవలెనా అన్న ప్రశ్నకు గ్రామస్థులలో అనేకులు వద్దని అంటే ఆశ్చర్యపడనక్కరలేదు. దెబ్బలు తిన్న చోటును అలంకరించమని దెబ్బలు తిన్నవారినే అడగడం న్యాయం కాదు.

అయినప్పటికీ గడీని నిలుపవలెననే చెప్పవలసి ఉన్నది, ఒక నియమంతో. గడీని రంగులద్ది పెండ్లిమండపంగానో విలాసవసతిగానో మార్చి, వెట్టి మాట తుడిచివేస్తే అది ప్రక్షిప్తమే. దివాణంలో దొర కూర్చున్న గద్దెను నిలిపినవారు రైతు చేతులు కట్టుకొని నిలిచిన చోటును కూడా నిలుపవలెను. ఆ రెంటిలో ఒకటి తీసివేస్తే గడీ స్వరూపం మిగిలినట్లు కాదు. గ్రామ పాఠశాలగానో గ్రంథాలయంగానో ఉపయోగించదలిస్తే అంతకంటె మంచిది. ఒకప్పుడు లోనికి రానివ్వని వారి పిల్లలు అరుగుమీద కూర్చొని చదువుకుంటారు.

ఆదిలాబాదు గోండు గూడేలలో ద్రవ్యం వేరు. వెదురుతడికకు మట్టి మెత్తిన గోడను ఏండ్లకేండ్లు అట్లే ఉంచరు. అలుకుతూ, మెత్తుతూ, కప్పు మారుస్తూ ఎప్పటికప్పుడు కొత్త చేస్తారు. కొమురం భీం మరణం తరువాత, 1940 దశకంలో, హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయిలో నివసించినది అట్టి గూడెపు ఇండ్ల నడుమనే. అటువంటి ఇంటిలో నిలుపవలసినది గోడను కాదు, గోడను మెత్తే నేర్పును. ఆదిలాబాదులో కళాశ్రమం నెలకొల్పి 2018లో స్వర్గస్థులైన రవీంద్రశర్మగారు తమ జీవితమంతా చేతివృత్తుల గురించి చెబుతూ వచ్చినారు. వడ్రంగి, కుమ్మరి, కమ్మరి, తాపీపనివాడు ఒకరికొకరు ఆధారమై ఉన్నప్పుడే భవంతి గాని పూరిల్లు గాని నిలుస్తుంది. గూనపెంక చేసే కుమ్మరి ఆ పని మానుకున్న ఊరిలో పెంకుటిల్లు మరమ్మతు చేయమని ఎవరికి చెప్పగలరు?

చట్టం నుండి ఎక్కువ ఆశించడానికి లేదు. 1960 నాటి చట్టం గాని, 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం గాని ముఖ్యంగా కోటలను, గుళ్లను చూసినంతగా మనుషులు కాపురమున్న ఇండ్లను చూడడం జరుగలేదు. హైదరాబాదు కట్టడాలకు 1995లో ఏర్పడిన నిబంధన కూడా 2015లో రద్దయినది. పేరుగల ఇల్లు నిలుస్తుంది: పూర్వపు కరీంనగర్ జిల్లాకు చెందిన వంగరలోని పి.వి. నరసింహారావుగారి ఇల్లు ఆయన స్మృతిచిహ్నాలతో నిలిచి ఉన్నది. పేరులేని ఇంటికి యజమాని తప్ప దిక్కులేదు. తమిళనాట 1996లో ప్రారంభమైన దక్షిణచిత్రలో వలె ఇంటిని విప్పి తీసుకొనిపోయి వేరొకచోట నిలపడం ఒక పద్ధతి. అది చివరి మందు. ఊరు విడిచిన ఇంటికి ఇరుగుపొరుగు ఉండదు.

యజమానికి డబ్బు ఇవ్వలేని కళాశాల అతనికి చేయగల సహాయం ఒకటున్నది. ఇల్లు విప్పకముందు అటుక ఎక్కి చూడడం. మంథని, ధర్మపురి ఇండ్లలో వేదశాస్త్ర పండితుల పుస్తకాల కట్టలు అటుకలమీదనే ఉండేవి. పెంకలతోపాటు అవి కూడా కిందపడి బండ్లలో పోయే ప్రమాదమున్నది. 2003లో జాతీయ వ్రాతప్రతుల పథకం ప్రారంభమైనప్పటినుండి వ్రాతప్రతుల నమోదుకు మార్గమేర్పడినది. ఇంటి నమోదుకు అట్టి మార్గం లేదు. ఒకే రోజు పోయి రెండూ చేయవచ్చును. విద్యార్థి ఒకడు కొలతలు తీస్తాడు, ఒకడు తాళపత్రాలు లెక్కపెడతాడు, మూడవవాడు ఇంటి పెద్దవ్వ దగ్గర కూర్చొని కడప, దర్వాజ, సాయబాను, అర్ర, అటుక, గరిసె, దీపపు గూడు అని ఆమె చెప్పిన పేర్లన్నీ ఆమె చెప్పిన ఉచ్చారణలోనే రాసుకుంటాడు. మేస్త్రీ ఆ మరునాడు వస్తాడు.